పేలాల బొమ్మ

సైన్సు చదివి, కొలతలు వేసుకుని మరీ తన పరువు తానే పేల్చుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త కూర్చోండి. ఆ మనిషిని నేనే.

నాది నంద్యాలలో బోర్డులు రాసే పని. నాతోపాటు ఒకే గురువు దగ్గర కుంచె పట్టినవాడు ఆళ్లగడ్డ ఓబులేసు. ఆ ఏడు వాడు ఒక నాటకం తెర మీద కొండ పేలే బొమ్మ వేశాడు. అది ఫోన్లలో తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది. "అబ్బ, పొగ వాసన వస్తాంది చూడు!" అంది మా ఆవిడ. వాసన నిజమే. వచ్చింది నా కడుపులోంచి.

ఆ బొమ్మను పెద్దది చేసి చేసి తప్పులు వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అందుకు ఇంకా ఏడ్చాను. చివరికి శాస్త్రం పట్టుకున్నాను. కొలిమిగుండ్ల నాపరాతి గనుల్లో రాయి పేలుస్తుంటే దూరంగా నిలబడి చూశాను. మంట నడుమ తెలుపు, వేడి తగ్గేకొద్దీ పసుపు, అంచున ఎరుపు. మంటకన్నా ముందే గాలిదెబ్బ నేలమీది దుమ్మును గుండ్రంగా తోస్తుంది. రాళ్లు వంపు తిరిగి పడతాయి. వేడిపొగ పైకి పోయి గొడుగులా విచ్చుకుంటుంది. అన్నీ రాసుకున్నాను. ఇక నాకు కావలసింది ఒక్క గోడ.

దీపావళికి ముందు, బస్టాండు రొదలో ఉండగా ఫోను మోగింది. ఆళ్లగడ్డ నుంచి ఒక శెట్టిగారు.

"కొత్తగా అంగడి తెరుస్తాండానప్పా. పక్కగోడకు బొమ్మ కావాల."

"మీ ఊర్లోనే ఓబులేసు ఉన్నాడు గదన్నా?"

"వానికి తీరిక లేదంట. వాడే నీ నంబరిచ్చినాడు."

వాడు వదిలేసిన పని! ఒళ్లు మండిపోయింది. "ఏం బొమ్మన్నా?" అన్నాను.

"పేలాల... బొమ్మ!"

మా సీమలో 'పోవాల' అంటే పోయి తీరాలని. 'పేలాల' అంటే? బొమ్మ పేలి తీరాలట! దీపావళి ముందు తెరిచే అంగడి, టపాసులదే అయ్యుంటుంది. దేవుడున్నాడనుకున్నాను.

"పేలుతాదిలే అన్నా! ఎంత పెద్దది?"

"గోడంతా! జనం చూసి ఆగిపోవాల."

"ఆగడం కాదన్నా, పరిగెత్తుతారు!"

"అంగట్లోకే గదా!" అని ఆయన సంతోషంగా నవ్వి ఫోను పెట్టేసి, సరుకు కోసం పొరుగూరు వెళ్లిపోయాడు.

నేను ఆళ్లగడ్డ పోయి మూడు రోజులు గోడకు పరదా కట్టి గీశాను. అంగడి తెరిచే రోజు పొద్దున శెట్టిగారు, ఆయన భార్య హారతిపళ్లెంతో వచ్చారు. పరదా లాగాను. జనం నిజంగానే పరిగెత్తారు, రోడ్డుకు అవతలి పక్కకి.

"ఏందప్పా ఇది?"

"పేలుడన్నా. టపాసుల అంగడి గదా?"

ఆయన షట్టరు ఎత్తాడు. లోపల సంచులకు సంచులు జొన్నపేలాలు, బొరుగులు.

"పేలాలప్పా! బిడ్డలు తినే పేలాలు!"

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ రోజు నా చెవికి చెప్పినవాడే లోకువైపోయాడు.

"ఈ గోడ కాడికి ఎవరొస్తారప్పా?" అని శెట్టమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ముహూర్తం గంటలో ఉంది. ఎవరో ఓబులేసుకు ఫోను చేశారు.

వాడు వచ్చి గోడను చాలాసేపు చూశాడు. "దుమ్ము బలే లేపినావన్నా. నాకు కుదరల్యా ఇది," అన్నాడు. తిట్టినా బాగుండేది. తర్వాత కుంచె తీసుకుని మంట కింద పొయ్యి, మూకుడు గీశాడు. నా పొగకు తెల్లరంగు పూసి, అక్కడక్కడా ఎర్రటి పొట్టు అంటించాడు. ఏనుగంత జొన్నపేలం! నా రాళ్లన్నీ గింజలైపోయాయి.

"జొన్నగింజా ఇంతే గదన్నా. లోపలి తడి ఆవిరై పొట్టును పగలగొడతాది. నీ సైన్సు యాడికీ పోలేదు."

పిల్లలు రోడ్డు దాటి వచ్చేశారు. శెట్టమ్మ కళ్లు తుడుచుకుని హారతిచ్చింది, ముందు ఓబులేసుకు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఫోను చూస్తోంది. "ఓబులేసు గీసినాడంట, పేలాల బొమ్మ! అబ్బ, ఏంచిన పేలాల వాసన వస్తాంది చూడు!"

ఆ రోజే కుంచె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఎవరేం గీయమన్నా, అది తినేదా, పేలేదా అని అడగనిదే రంగుడబ్బా మూత తీయను. ఓబులేసును చూసి ఏడవనని కూడా ఒట్టు పెట్టమంది మా ఆవిడ. నిలబెట్టుకోగలిగిన దానికే కదండీ ఒట్టు పెట్టాలి!