కండ కాదమ్మా, నీరు

మనవరాలు తన బిడ్డను నా ఒళ్లో పడుకోబెట్టి స్నానానికి వెళ్లింది. ఇవాళ కూడా నా బొటనవేలు తనంతట తానే ఆ పసిదాని మోకాలి కింద, ఎముక మీదికి పోయింది. నొక్కి వదిలాను. వెచ్చగా, బిగువుగా ఉన్న చర్మం వెంటనే పైకి లేచింది. అంతలో ఇంటి మీదుగా విమానం దిగుతున్న చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. "ఏంది నానమ్మా, పిల్లను గిచ్చినవా?" అని లోపలి నుంచి మనవరాలు. గిచ్చలేదు. ఎస్తేరమ్మగారు నేర్పిన పని చేశాను, అంతే.

ఎస్తేరమ్మగారు నిజాం రాజ్యం చివరి రోజుల్లో శంషాబాదు దవాఖానలో నర్సు. గుంటూరు వైపు మనిషి. పాలేరును కూడా 'అండీ' అని పిలిచేది. ఆ మాట వింటే మా ఊరి ఆడవాళ్లకు నవ్వు ఆగేది కాదు. బయటికి వచ్చాక కొంగు అడ్డం పెట్టుకుని ఆమెను అనుకరించేవాళ్లం. అందరిలో నేనే ముందుండేదాన్ని, ఎందుకు దాచాలి.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. పెద్దది సత్తెమ్మకు రెండో ఏడు నడుస్తుండగా తట్టు పోసింది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లూ తాలింపు వేయకూడదు, గుడ్డూ మాంసమూ గడప దాటి రాకూడదు. పిల్లకు బియ్యపు గంజి ఒక్కటే పథ్యం. తట్టు తగ్గాక కూడా మా అత్తమ్మ పథ్యం విడవనివ్వలేదు. తల్లికి మళ్లీ కోపం వస్తుందని ఆమె భయం. చంటివాడు పుట్టాడు కనుక నా పాలు వాడికి పోయాయి. రెండు నెలలు గంజితోనే గడిచాయి. సత్తెమ్మ బుగ్గలు ఉబ్బాయి, కాళ్లు బొద్దుగా అయ్యాయి. "పోరి మల్ల ఒళ్లు జేసింది, దిష్టి తగుల్తది" అని అత్తమ్మ రోజూ ఆ బుగ్గ మీద కాటుక చుక్క పెట్టేది. పిల్ల ఏడ్చేది కాదు, అల్లరి చేసేది కాదు. బుద్ధిమంతురాలని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

చంటివాడికి దగ్గు పట్టుకుంటే ఇద్దరినీ బండిలో దవాఖానకు తీసుకుపోయాను. ఎస్తేరమ్మగారు వాడి వైపు చూడనే లేదు. సత్తెమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రబడిన జుట్టును వేళ్లతో తడిమింది. తరువాత కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలింది. అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదమ్మా, నీరు" అంది.

నాకు ఒళ్లు మండింది. నా పిల్ల బొద్దుగా ఉంటే ఈమెకు కన్ను కుట్టిందేమో అనుకున్నాను. ఆమె నా మొహం చూసి కసురుకోలేదు. పొయ్యి మీద మరుగుతున్న నీళ్లలో ఒక గుడ్డు కొట్టి పోసింది. చూస్తుండగానే తెల్లసొన గట్టిపడింది. అందులో ఉన్నది మాంసకృత్తులని, మన ఒళ్లు కట్టినది కూడా వాటితోనేనని చెప్పింది. ఒళ్లంతా కంటికి ఆనని చిన్న చిన్న గదులట, వాటిని కణాలంటారట. చదువుకునే రోజుల్లో, చిన్నవాటిని పెద్దవి చేసి చూపే అద్దంలోంచి తాను చూసిందట. ఆ గదులు నిలబడేదీ, వాటిలోకి వచ్చేపోయే దారులు నడిచేదీ, లోపల పని జరిగేదీ మాంసకృత్తుల వల్లనే. నెత్తురులో నీటిని పట్టి ఉంచేది కూడా అవే. అవి తగ్గిపోయి నీరు బయటికి ఊరి, నా బిడ్డ కాళ్లలో నిలిచింది.

గంజి పోస్తూనే ఉన్నాను కదా అన్నాను. "గంజి కట్టెలాంటిదమ్మా, మండుతుంది. కట్టెలతో పొయ్యి కట్టగలమా? మట్టి కావాలి కదా" అంది. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది.

పిల్లను తన కళ్ల ముందే ఉంచమంది. దవాఖాన వసారాలో పిల్లలతో మకాం పెట్టాను. మందు మా ఇంట్లోనే ఉంది, వెన్న తీసిన చల్ల. గంట గంటకు రెండు చెంచాలు, తరువాత నాలుగు, ఆపైన పుట్నాల పిండి కలిపి. నీరు పోయాక పిల్ల ఎముకల గూడులా కనబడుతుందనీ, అప్పుడు భయపడి ఇంటికి తీసుకుపోతే దక్కదనీ ముందే హెచ్చరించింది.

పదో రోజుకు అలాగే అయింది. చల్ల ముంత పట్టుకుని వచ్చిన అత్తమ్మ పిల్లను చూసి గోడకు ఆనుకుపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఏడుస్తూ పిల్లను ఎత్తుకోబోయింది. నేను అడ్డం నిలబడ్డాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"ఇయ్యను అత్తమ్మా. సంపితె నన్ను సంపు, పిల్లనైతె ఇయ్య."

అత్తమ్మ ఇంటికి పోలేదు. వసారా చివర మూడు రోజులు కూర్చుంది. నాలుగో రోజు పొద్దున చంటివాడు సత్తెమ్మ చెంచా లాక్కోబోతే, అది వాడి చేయి కొరికి గుక్కపట్టి ఏడ్చింది. ఎన్ని వారాలకు విన్నానో ఆ గొంతు! చంటివాడిని ఓదార్చడం కూడా మరిచిపోయి, నేను నవ్వుతూ ఏడ్చాను. గుండెల మీది బండ దిగిపోయింది. ఎస్తేరమ్మగారు పరుగున వచ్చి, పిల్లకు ఏడ్చే ఓపిక వచ్చింది, ఇక భయం లేదంది.

అప్పుడు అత్తమ్మ లేచి ఆమె దగ్గరికి వచ్చింది.

"నర్సమ్మా, నా పెద్ద పోరడు గూడ గిట్లనే ఒళ్లు జేసిండు. ఊరంత సూపిచ్చుకుంట తిరిగిన. వారం దాటలే, పోయిండు. గంజి వోసి నేనే సంపుకున్ననా?"

అలాంటి కొడుకు ఒకడుండేవాడని మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఏమిటో వసారాలో ఉన్న మా ముగ్గురికీ తెలుసు. ఎస్తేరమ్మగారు చేతులు తుడుచుకుని, ఆమె పక్కన కింద కూర్చుంది.

"ఉన్నదాంట్లో మంచిదే పెట్టారు పెద్దమ్మగారూ. ఏం పెట్టాలో మీకెవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లం మేమే మీ గడపదాకా రాలేదు. ఆ తప్పు మాదండీ."

అత్తమ్మ ఆమె భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చింది. తరువాత అక్కడే వసారాలో ఒరిగి, సాయంత్రం దాకా ఆదమరిచి నిద్రపోయింది. ఆమె పగటిపూట నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎస్తేరమ్మగారి దగ్గరే అక్షరాలు దిద్దాను. ఆ తరువాత పసిపిల్లల తిండీ ఆటపాటా చూసే బాలవాడిలో పనికి చేరి ఎన్నో ఊళ్లు తిరిగాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఆ లోకువ నా నోట రాకుండా కాచుకున్నాను. ఉబ్బిన పిల్లను చంకనెత్తుకుని, మురిపెంగా చూపించే తల్లులు రావిర్యాలలో కనబడ్డారు, బాలాపూర్‌లో కనబడ్డారు. బిడ్డకు ఏం పెట్టావని ఏ ఒక్కరినీ నిలదీయలేదు. ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ముందు నేనే మన్నించమని అడిగాను. ఆ తరువాతే పిల్లను అందుకున్నాను.