రాజుగారి గుంపులో అమ్మ

నేను ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు మా ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద ఒక టీవీ సీరియల్ తీశారు. రాజు యుద్ధానికి పోతుంటే ప్రజలు దండాలు పెట్టే సీను. ఆ ప్రజల్లో తానూ ఉన్నానని అమ్మ చెప్పేది. వాడలో ఒక్కరూ నమ్మలేదు.

అది వాళ్ల తప్పు కాదు. అప్పట్లో వాడకంతటికీ ఒక్కటే టీవీ. ఒకరు మిద్దెక్కి యాంటెన్నా తిప్పుతుంటే కిందివాళ్లు "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరిచేవాళ్లు. ఆ సీను వచ్చిన ఆదివారం రాజే సరిగ్గా కనబడలేదు, ఇక ప్రజలెక్కడ? తెర నిండా చుక్కలు. అమ్మ ఆ చుక్కల్లో వేలు పెట్టి "గిదే నేను" అంటే అందరూ పడి పడి నవ్వారట. ఆనాటి నుంచి నల్లా దగ్గర కనబడితే చాలు, "మన హీరోయిన్ వచ్చింది, జరుగుండ్రి" అనేవాళ్లు.

నేను హైస్కూల్‌కి వచ్చాక ఆ సీరియల్ క్యాసెట్ కిరాయికి తెచ్చాం. కాపీకి కాపీ తీసిన సరుకు. ప్రతి మనిషి పక్కన ఇంకో నీడ మనిషి. రాజుకు రెండు కిరీటాలు. "గీ ఇద్దర్ల నువ్వెవరివే?" అన్నాడు బాపు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు.

బాపు బాధ వేరే. పెళ్లిలో మామ పెట్టిన వాచీ ఆ షూటింగ్ రోజుల్లోనే పోయింది. పొలంలో పడిందనుకుని మడి మడీ జల్లెడ పట్టాడట. మళ్లీ వాచీ కొనలేదు. దారిన పోయేవాళ్లను ఆపి టైమెంతని అడుగుతాడు.

తర్వాత భూముల ధరలకు రెక్కలొచ్చాయి. నాకు కొంగరకలాన్ వైపు ప్లాట్లు చూపించే పని దొరికింది. ఇంట్లోకి కలర్ టీవీ, డీవీడీ ప్లేయర్ వచ్చాయి. ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ సీరియల్ డిస్కు కంటబడింది. బొమ్మ కొత్తదానిలా శుభ్రం చేశామని అట్ట మీద రాసి ఉంది. ఎగిరి గంతేసి కొన్నాను.

ఆదివారం పొద్దున పెట్టాం. నోరెళ్లబెట్టాం. రాజుగారి గడ్డం కింద జిగురు మెరుస్తోంది. కోట గోడ గాలికి ఊగుతోంది. నవ్వు ఆగడం లేదు కానీ లోపల భయం. ఇంత స్పష్టమైన బొమ్మలో కూడా అమ్మ లేకపోతే?

గుంపు వచ్చింది. రిమోట్ నొక్కి ఆపాను. ముందు వరసలోనే అమ్మ! బక్కగా, చేతులు జోడించి, రాజును వదిలేసి నేరుగా కెమెరా వైపే చూస్తోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాపు టీవీ దగ్గరికి జరిగాడు. "గా చేతికి ఏందే?"

రాజుల కాలంలో, జోడించిన చేతికి, తళతళలాడే వాచీ.

అమ్మ ముఖం మాడిపోయింది. "గది నేను కాదు" అంది.

"అవ్ మరి. మొదటి సంది నేను గదే చెప్తున్న. గది నువ్వు కాదు" అని బాపు లేవబోయాడు.

అమ్మ ఎంతసేపు ఓర్చుకుంటుంది? "ఎందుకు కాదు? నేనే! వాచీ గూడ నేనే పెట్టుకపోయిన. టీవీల మంచిగ కనబడాలె గదా! మొఖం కడుగుతుంటె చెరువుల జారింది. ఏం జేస్తవో చెయ్!"

బాపు మళ్లీ కూర్చున్నాడు. "జర ఎన్కకు తిప్పి మల్లొకసారి ఆపు" అన్నాడు నాతో. వాచీ కోసమనుకున్నాను. ఆయన చూసింది ముఖాన్ని. "గప్పుడు మస్తు ముద్దుగ ఉంటివే" అన్నాడు. అమ్మ కొంగుతో మూతి కప్పుకుంది.

బాపు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు. "రండ్రి, మా ఆమె టీవీల ఉన్నది!" అని ఇంటింటికీ వినబడేలా కేకేశాడు. వాడంతా వచ్చి గుమ్మంలో ఇరుక్కుంది. అమ్మ టీవీ పక్కన నిలబడి, ఒక చేతి వేలితో తన ముఖం చూపించింది. రెండో అరచేత్తో వాచీని మూసింది.