సుగుణ మేడం వినని సాక్ష్యం

పై కోర్టుకు పంపే రికార్డు కట్టలకు సీలు వేయడానికి లక్క కరిగిస్తారు. నెలాఖరులో ఆ వాసన మా కోర్టు వరండా అంతా కమ్ముకుంటుంది. జూనియర్ సివిల్ జడ్జిగా ఇది నా మొదటి పోస్టింగు, సొంత జిల్లాకు చాలా దూరం. ఆ వాసన తగిలినప్పుడల్లా చేతిలోని కలం ఆగుతుంది. సుగుణ మేడం గుర్తుకు వస్తారు.

నేను సూర్యాపేటలో ఒక సీనియర్ వద్ద జూనియర్ వకీలుగా ఉంటూ, కోదాడకూ మిర్యాలగూడకూ బస్సుల్లో తిరిగిన రోజుల్లో ఆమె సీనియర్ సివిల్ జడ్జి. ఖమ్మం వైపు మనిషి. వకీలుగా మొదలై, పరీక్ష రాసి జడ్జి అయి, బదిలీ మీద బదిలీగా ఎన్నో ఊళ్లు తిరిగి మా ప్రాంతానికి వచ్చారు. ఇక ఎక్కవలసింది జిల్లా జడ్జి మెట్టు. ఆమెతో చేరినవారు చాలామంది అప్పటికే అది ఎక్కేశారు. ఆమె ఆలస్యానికి కారణం బార్‌లో అందరికీ తెలిసిందే. "మన మేడం సాక్షి తాత పేరు గూడ అడుగుతది. ఆమె రిటైరైనంక గూడ గీ కేసు నడుస్తనే ఉంటది సూడు" అని మా సీనియర్ నవ్వేవారు.

ఆమె ముందు నేను చేసిన మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక ముసలమ్మను ప్రశ్న మీద ప్రశ్నతో ఊపిరాడకుండా చేశాను. మేడం చెయ్యెత్తి ఆపారు.

"ఏమ్మా, కాలేజీలో డిబేట్లు చేసేదానివా?"

"అవును మేడం. సూర్యాపేటలో, మిర్యాలగూడలో ప్రైజులు కూడా వచ్చినయి."

"ఇక్కడ ప్రైజుల్లేవు. ఆమె మాట పూర్తి కానియ్యి."

హాలంతా నవ్వింది. నేను తలదించుకున్నాను. ఎదుటివారి మాటలో నాకు పనికొచ్చే ముక్క కోసం వెతకడమే వినడమని అంతవరకూ అనుకునేదాన్ని. పూర్తిగా విన్నాకే ప్రశ్నకు అర్హత వస్తుందని ఆమె కోర్టులోనే నేర్చుకున్నాను.

నేరేడుచర్లలో న్యాయ విజ్ఞాన సదస్సు ముగిశాక, టీ తాగుతూ, ఉండబట్టలేక అడిగేశాను. "మీకన్నా చిన్నవాళ్లు జిల్లా జడ్జిలయ్యారు. మీకు బాధ లేదా మేడం?"

"ఎందుకుండదు? ప్రతి తీర్పుకూ ఇన్ని యూనిట్లని లెక్క. నెలనెలా ఆ లెక్క పైకి పోతుంది. నావి ఎప్పుడూ తక్కువే." టీ గ్లాసు పక్కన పెట్టి అన్నారు: "నాకు ఆ కుర్చీ కావాలమ్మా. హత్య కేసులు నడిచేది అక్కడ. మనిషి జీవితమంతా జైల్లో పోయేదీ లేనిదీ తేలేది అక్కడ. వినేవాళ్లు అక్కడుండాలి." ఆ సంవత్సరమే ఆమెకు చివరి అవకాశమని తర్వాత తెలిసింది.

మునగాల దగ్గరి మల్లయ్య తరఫున నేను నడిపిన కేసు ఆ సంవత్సరానిదే. ఆయన గొర్రెల కాపరి. తరతరాలుగా మంద తోలుతున్న దొడ్డి జాగాను పక్క రైతు తనదంటే మల్లయ్య దావా వేశాడు. దొడ్డి పోతే మంద నిలవదు. మల్లయ్యను క్రాస్ చేయవలసిన అవతలి వకీలు పదే పదే వాయిదా అడిగాడు. మల్లయ్య ప్రతిసారీ వచ్చి వెళ్లాడు. ఆ నెలాఖరు రోజున మాత్రం, కోసిన వరి పొలాల్లో మంద పెట్టిన చోటి నుంచి బయలుదేరి, షేర్ ఆటో నిండేదాకా ఆగి, మధ్యాహ్నానికి గాని రాలేకపోయాడు. పొద్దున పిలిచినప్పుడు లేడు. మేడం సాక్ష్యం మూసేశారు.

వరండాలోంచి లక్క వాసన వస్తుండగా ఆయన చెమటతో హాల్లోకి అడుగుపెట్టగానే లేచాను. "మేడం, సాక్షి వచ్చారు. పది నిమిషాలు చాలు."

ఆమె ఆయన వైపు చూడలేదు. "సాక్ష్యం ముగిసింది. వాదనలు వినిపించండి."

క్రాస్‌కు నిలవని సాక్షి ముందే రాసిచ్చిన ప్రమాణపత్రానికి విలువ లేదు. సాయంత్రానికి దావా కొట్టివేశారు. పై కోర్టుకు పోయి కేసు మళ్లీ తెరిపించే దారి చూద్దామని బతిమాలాను. మల్లయ్య ఒప్పుకోలేదు.

"ఎందుకు బిడ్డా? వాళ్ల వకీలు ఎన్నిమాట్ల రాకపోయినా నడిచింది. నేనొక్కపారి లేటైతె ఖతమా? గా మేడం ఇంటదని అందరు చెప్తె నమ్మిన. ఆమెనే ఇనకపాయె. ఇగ ఎవలింటరు?" అని గొంగడి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

కొన్ని నెలలకు ఆమెకు ప్రమోషన్ వచ్చింది. వీడ్కోలు సభలో మా సీనియర్ ఆమె ఆ ఏడాది చూపిన వేగాన్ని పొగిడారు. ఆమె నవ్వలేదు. కారు ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచి, తీర్పిచ్చాక ఏ జడ్జీ అడగకూడని మాట అడిగారు.

"ఆ పెద్దాయన గొర్రెలు ఇప్పుడెక్కడుంటున్నాయి?"

"అమ్మేసిండు మేడం. మిర్యాలగూడల రైసుమిల్లుకు కూలికి పోతున్నడు."

ఆమె ఏదో అనబోయి ఆగారు. మాట పూర్తయ్యేదాకా ఎదురుచూశాను. ఆమె నేర్పిన అలవాటే అది. ఆమె కారెక్కి తలుపు వేసుకున్నారు.

ఆమెను మార్చింది లంచమో బెదిరింపో అయితే నేను సులువుగా తీర్పు చెప్పేదాన్ని. వినేవాళ్లు లేని చోటికి చేరాలన్న కోరికే ఆ రోజు ఆమె చెవులు మూసింది. ఏ పక్షమిచ్చినా వాదించగలిగిన నాకు ఈ ఒక్క విషయంలో ఏ పక్షమూ నిలవడం లేదు. నాకూ ఎక్కవలసిన మెట్లున్నాయి, నా లెక్కా నెలనెలా పైకి పోతుంది. జిల్లా జడ్జిగా సుగుణ మేడం ఎంతో ఓపికగా వింటారని అక్కడి వకీళ్లు చెబుతుంటారు. విని సంతోషిస్తాను. ఆ సంతోషం మునగాల దాకా వెళ్లి, మల్లయ్య దొడ్డి ఉన్న చోట ఆగిపోతుంది.