ఆస్పత్రి ఎదుటి పోస్టరు

హంగేరీలో తీసా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆర్పాద్ ఇరవై ఏళ్లు సహకార సంఘం ట్రాక్టరు నడిపాడు. సంఘం మూతపడ్డాక ఏళ్ల తరబడి పనిలేక, సారా కొట్టు గోడకు ఆనుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఏలుతున్న పార్టీ గెలిచాకే అతని చేతికి జిగురు బకెట్టూ, పోస్టర్లు అంటించే పనీ వచ్చాయి. మళ్లీ తలెత్తుకుని నడిచాడు. "మనల్ని మనుషుల్లా చూసింది వీళ్లే" అని భార్య ఎటెల్కాతో మనస్ఫూర్తిగా అనేవాడు.

ఆ ఏడు ఎన్నికల ముందు కొత్త పోస్టరు వచ్చింది. సరిహద్దు కంచె దగ్గర నల్లటి గుంపు, కింద 'వలసవాళ్లను ఆపుదాం' అని పెద్ద అక్షరాలు. దాన్ని డాక్టర్ నబీల్ ఆస్పత్రికి ఎదురుగా కూడా అంటించాలి. సిరియా నుంచి చదువుకోవడానికి వచ్చి ఉండిపోయిన నబీల్ ముప్పై ఏళ్లుగా ఆ ఊరి వైద్యుడు. ఎటెల్కాకు మాట పడిపోయిన రోజు అంబులెన్సు వచ్చేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

ఆర్పాద్ అంటిస్తుంటే నబీల్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు.

"ఏవయ్యా ఆర్పాద్, కుడి మూల వంకర పోయింది."

"ఇది మీ గురించి కాదు డాక్టరుగారూ. మీరు మనవాళ్లు."

"ఆ ముక్క కూడా కింద రాయవయ్యా, చదివేవాళ్లకి తెలుస్తుంది."

ఇద్దరూ నవ్వారు. ఆర్పాద్ మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు.

వారం తర్వాత రక్తపోటు మాత్రల కోసం ఆస్పత్రిలో కూర్చున్నాడు. ఊరికి కొత్తగా వచ్చిన ఒకావిడ నబీల్‌ని చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మన హంగేరీ డాక్టరు లేడా?"

ఆర్పాద్ లేచాడు. "ఈ ఊరికి హంగేరీ డాక్టరు ఈయనేనమ్మా. కాదంటే నలభై కిలోమీటర్లు పోవాలి." ఆవిడ విసురుగా వెళ్లిపోయింది. అతనికి మాత్రం గెలిచినట్టు అనిపించలేదు. ఆమె కళ్లలోని భయం తను అంటించిన కాగితం మీదిదే.

మర్నాడు పోస్టర్ల పని చేయించే మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. "ఆస్పత్రి ఎదుట మాత్రం ఇక నేను అంటించను."

"అన్నీ అంటించు, లేదా బకెట్టు అక్కడ పెట్టు."

పెట్టేశాడు.

"ఇప్పుడు మళ్లీ గోడకి ఆనుకుంటావా?" అంది ఎటెల్కా, తడబడే నాలుకతో. కోపంగా అన్నా, ఆ రాత్రి అతని గిన్నెలో చేపల పులుసు నిండా పోసింది.

ఓటు మాత్రం ఆ పార్టీకే వేశాడు. ఆ సంగతి తనే వెళ్లి నబీల్‌కి చెప్పాడు. నబీల్ రక్తపోటు చూసే పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడవమన్నాడు.