మిషనక్క కారుకి పట్టిన ఇంజను

కుట్టుమిషను దారం తెంపుతోందన్నా, కుట్టు వదిలేస్తోందన్నా ఆ చుట్టుపక్కల వాళ్ళు కబురంపేది మిషనక్కకే. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండనే ఉంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడ కూడా వెనక్కి తిరిగి చూడదు. చిన్నతనంలో ఒళ్ళు కాలిపోయే జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. చంకకర్రల మీద గుమ్మం నుంచి వాకిలి దాకా వస్తుంది. అక్కడి నుంచి ఆవిడ కాళ్ళు ఆ కారే.

ఆ కారుని చూసి నవ్వుకోని వాళ్ళు లేరు. ఎండకి రంగు వెలిసిపోయిన చిన్న డబ్బా అది. వెనక సీటు తీసేసి అక్కడ పెట్టెలూ, బెల్టులూ, షటిల్సూ సర్దుకుంది. ముందు సీటు సంగతి మాత్రం వేరు. ఒంటికన్ను వెల్డింగాయన ఒకాయన ఉండేవాడు. అక్కని ఆ సీట్లో కూర్చోబెట్టి, మోచేతి నుంచి అరచెయ్యి దాకా తాడుతో కొలిచి, కాళ్ళతో చేసే పనులన్నీ చేతుల్లో పెట్టేశాడు. స్టీరింగు కింద చక్రంలా వంచిన కడ్డీ లాగితే కారు పరుగెడుతుంది. ఎడమపక్క పిడి నొక్కితే ఆగుతుంది. క్లచ్చుకి ఇంకో పిడి పెట్టి, దాని నుంచి ఇనుపరాడ్డు ఇంజను వెనకగా గేర్‌బాక్సు దాకా దూర్చాడు. ఆయన పోయాడు. అలాంటి పని తెలిసినవాడు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

ఒక పొద్దున్న చౌరస్తా దాటుతుండగా ఇంజను ఢామ్మంది. కారు నాలుగు గెంతులు గెంతి ఆగిపోయింది. తాడు కట్టి మెకానిక్కు షెడ్డుకి లాక్కొచ్చాక మేస్త్రీ కిందకి దూరి చూశాడు. అక్క కిందకి దూరలేదు కదా, గడ్డం గీసుకునే అద్దమొకటి తెచ్చి అడుగున పట్టాడు.

"ఇంజను లోపలి రాడ్డు విరిగి బ్లాకు గోడకి కన్నం పొడిచిందక్కా. బాగుచేసే జబ్బు కాదు ఇది. వేరే ఇంజను పెట్టాల్సిందే."

అక్క ఆ మాట విన్నదో లేదో. అద్దంలో కనిపించే కన్నంలోకే కళ్ళార్పకుండా చూస్తోంది. బయటంతా మడ్డి, మసి. లోపల మాత్రం నూనెలో తడిసిన ఉక్కు నీళ్ళలో చేపలా తళతళలాడుతోంది.

"ఇన్నేళ్ళూ ఇంత శుభ్రంగా ఉందా ఇది" అంది మెల్లగా.

వెంట వచ్చిన తమ్ముడు మాత్రం దొరికిందే సందనుకున్నాడు. "ఇంక వదిలెయ్యక్కా దీన్ని. ఎక్కడికెళ్ళాలన్నా నాకో ఫోను కొట్టు, దింపేస్తాను."

"దింపుతావురా, కాదన్నానా. నన్ను మళ్ళీ ఎక్కించుకోడానికి నువ్వొచ్చేలోపు నేను బాగుచేసిన మిషను ఇంకోసారి పాడవుతుంది."

అని నవ్వేసింది. వేళకాని వేళ తోచిన వీధిలోకి తిరిగే మనిషి ఆవిడ. ఆ తిరగడం ఇంకొకళ్ళ తీరికమీద ఆధారపడటమంటే ఆవిడకి మళ్ళీ మంచం ఎక్కడమే.

మేస్త్రీ వెతుకులాట మొదలుపెట్టాడు. ఒకచోట అదే పేరున్న ఇంజను దొరికింది. తీరా చూస్తే కొత్త రకం, కంప్యూటరు లేనిదే కన్ను తెరవదట. ఇంకోచోట ఉన్నది తుప్పు పట్టి కదలనంది. చివరికి అక్కని తన బండిలో ఎక్కించుకుని పాతబళ్ళ యార్డుకి తీసుకెళ్ళాడు.

అక్కడి సంగతి చూడాలి. కారు తలుపులన్నీ వరసగా నిలబెట్టి ప్రహరీ కట్టారు. లోపల బళ్ళ మీద బళ్ళు. రేకుల కింద ఇంజన్లు, తలలు తీసినవీ, బోర్లించినవీ, వాటి మధ్య నడవడానికి మనిషి పట్టేంత దారి. అక్క చంకకర్రల మీద అలాగే నిలబడిపోయింది. ఇన్ని బళ్ళు, ఇన్ని రోడ్లు తిరిగినవి, అన్నీ ఒక్కసారి నోరు మూసుకుని కూర్చున్నట్టుంది.

యార్డు నడిపే పిన్ని ఎవరిదో కారు సీటు నేలమీద వేసుకుని, అందులో వెనక్కి వాలి టీ తాగుతోంది.

"ఏ బండమ్మా నీది?" అంది. మేస్త్రీ చెప్పాడు. "ఓస్ అదా. దాని ఇంజను కార్లల్లో వెతికితే ఏం దొరుకుతుంది? సరుకులేసుకునే చిన్న వ్యాను ఉండేది చూడు, దాంట్లో వెతకాలి. ఆ కంపెనీవాళ్ళు రెంటికీ ఒకటే ఇంజను పెట్టారు. చొక్కా వేరు, మనిషి ఒకడే."

వెనక నుంచి లారీ గుద్దితే నుజ్జయిన వ్యాను ఇంజను ఒకటి మూలనుంది. మేస్త్రీ దాని పుల్లీ చేత్తో తిప్పాడు. లోపల గాలి బిగదీసి, ఉస్సని వదిలింది.

"ఊపిరుందక్కా దీనికి" అన్నాడు. మేస్త్రీ మొహం విప్పారింది.

మర్నాడు షెడ్డులో గొలుసు కప్పీకి కట్టి పాత ఇంజను పైకి లేపారు. అక్క స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఇంజను తీసిన ఖాళీలోంచి నేల కనిపిస్తోంది. తనని ఇంతకాలం మోసిన బలం ఇదా, ఇంత చిన్నదా అని తెల్లబోయింది. మేస్త్రీ పక్క మూత ఊడదీసి టైమింగు బెల్టు చూపించాడు. కింది చక్రం తిరిగే లెక్కకి పై చక్రం తిరగాలి, పన్ను తప్పిందంటే అంతే సంగతులు.

"మా మిషనుకీ ఇంతే. పైన సూది దిగే వేళకి కింద కొక్కెం వచ్చి దారం అందుకోవాలి" అంది అక్క. తను రోజూ వేలితో తిప్పే ఆ సూది లెక్కే ఇంత ఇనుమునీ నడుపుతోందని తలుచుకుంటే ఆవిడ ఒళ్ళు జలదరించింది.

తరవాత వ్యాను ఇంజను దించారు. సగం దిగి ఆగిపోయింది. మేస్త్రీ అటు తోశాడు, ఇటు తోశాడు. వంగి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నాదే బుద్ధితక్కువ. బ్లాకు చూశాను, గేర్‌బాక్సు బోల్టులు చూశాను. వ్యానులో ఇది నిలువుగా ఉంటుంది, మన కారులో అడ్డంగా పడుకోవాలి. దీని మానిఫోల్డు పొడుగెక్కువ. వెల్డింగాయన రాడ్డుకి తగులుతోంది." మానిఫోల్డంటే ఇంజనులోకి గాలీ పెట్రోలూ పంపే గొట్టాల ముక్క. మేస్త్రీ గొంతు తగ్గించాడు. "రాడ్డు కొంచెం కోసి, వంచి అతికిస్తే..."

"కొయ్యొద్దు."

"కొంచెమే అక్కా."

"నా చెయ్యి కొలిచి చేసింది అది. కొంచెం కోస్తే ఆ కొంచెం నాకు అందదు. దాన్ని మళ్ళీ కొలిచేవాడు లేడు."

అక్క మొహం చూసి తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు. గొలుసుకి ఇంజను అలా వేలాడుతూ ఉంది.

"మేస్త్రీ, రెండూ ఒకటే ఇంజనంటున్నారు కదా. పాతదాని మానిఫోల్డు ఊడదీసి దీనికి పెట్టు. అడుగున నూనె పట్టే ఆయిల్ చాంబరూ, ఇంజనుని నిలబెట్టే ఫౌండేషన్లూ కూడా పాతవే బిగించు. మేం ఒక మిషను కొక్కెం ఇంకోదానికి వెయ్యమూ?"

"కన్నాలు కలవాలి కదక్కా. ఏళ్ళ తేడా ఉంది రెంటికీ. వెంట్రుకవాసి తేడా వచ్చినా గాలి లాగేస్తుంది."

"చూద్దాం పట్టు."

పాత ఇంజనుకీ దాని మానిఫోల్డుకీ మధ్యలో కాగితంలాంటి ప్యాకింగు అతుక్కుపోయి ఉంది. అది చిరిగితే కొలత చూసుకునే దారి పోతుంది. అక్క తన సన్న స్క్రూడ్రైవరు తీసి, కుట్టు విప్పినంత ఓపికగా అంచు పట్టుకుని లేపింది. చిరగకుండా వచ్చింది. వ్యాను ఇంజను మొహాన్ని మేస్త్రీ పెట్రోలు గుడ్డతో తుడిచాడు. అక్క ముందుకి వంగి రెండు చేతులతో ప్యాకింగు దానికి ఆనించింది.

పెద్ద కన్నాల మీద పెద్ద కన్నాలు కూర్చున్నాయి. బోల్టు కన్నాల్లోకి మేస్త్రీ ఒక్కొక్క బోల్టూ దూరుస్తుంటే, ఏదీ అడ్డం తగల్లేదు. చివరిది వేలితోనే తిరిగి లోపలికి పోయింది.

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కలిశాయి" అన్నాడు, గుసగుసగా.

అక్క ప్యాకింగు మీంచి చెయ్యి తియ్యలేదు. ఎక్కడో ఏదో ఫ్యాక్టరీలో ఎవరో మనిషి తన కారుకి కన్నాలు తొలిచాడు. ఇంకెప్పుడో ఇంకో మనిషి ఆ వ్యానుకి తొలిచాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసి ఉండరు. వాళ్ళ చేతులు మాత్రం ఇక్కడ, ఈ మసి షెడ్డులో, తన అరచేతి కింద కలుసుకున్నాయి. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదేమి ఏడుపో ఆవిడకే తెలియలేదు.

అంతా బిగించేసరికి పొద్దు వాలింది. అక్క సీట్లోకి జరిగి తాళం తిప్పింది. ఇంజను గురగురమని ఊరుకుంది. మళ్ళీ తిప్పింది. తుమ్మినట్టు ఒక పొగ వదిలి అందుకుంది. మొదట తడబాటుగా, తరవాత ఒకే శ్రుతిలో మోగింది. క్లచ్చు పిడి నొక్కితే రాడ్డు ఎక్కడా తగలకుండా జారింది. ఆ అదురు అరచేతుల్లోంచి భుజాల దాకా పాకుతుంటే, పిల్లకి మొదటిసారి నడక వచ్చినట్టు ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

తమ్ముడు అవతలి తలుపు మీద చెయ్యి వేశాడు. "నేనూ రానా?"

"ఇవాళొద్దురా."

"ఎక్కడికెళ్తున్నావో అదైనా చెప్పు."

"నాకేం తెలుసు" అంది మిషనక్క. కడ్డీ మెల్లగా లాగింది.