రాని మిషను డబ్బు కోసం మానుకోట, భూపాలపల్లి దాకా

ఆన్‌లైన్‌లో మోసంలో పోయిన డబ్బు తిరిగి వస్తుందా అని మా షాపుకు వచ్చేవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు. కొంత వస్తుంది, కొంత రాదు. ఆ తేడా ఎక్కడుందో నాకు బాగా అర్థమైంది ఒక శనివారం పొద్దున జనగామలో రైలెక్కి, సోమవారం రాత్రి చిట్యాల మీదుగా తిరిగొచ్చిన ప్రయాణంలో. ఇలాంటి పని మీదే మీరూ బయల్దేరాల్సి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మాది జఫర్‌గఢ్. జనగామలో టైలరింగ్ షాపు నడుపుతాను. జ్యోతిది బయ్యారం దగ్గర ఒక తండా. నా దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు తన ఊళ్లో జాకెట్లు కుడుతోంది. ఇద్దరం కలిసి పాత కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొనాలనుకున్నాం. వాడిన సామాన్లు అమ్మే ఒక యాప్‌లో తొంభై వేలకు కనిపించింది. జ్యోతి యాప్‌లోనే పదివేలు కట్టి బుక్ చేసింది. మర్నాడు అమ్మేవాడు ఫోన్ చేసి, మిగతాది యాప్‌లో కడితే కమిషన్ పోతుంది, నేరుగా పంపితే రవాణా ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాడు. మిషను లారీకి ఎక్కిస్తున్న వీడియో కూడా పంపాడు. అతను ఇచ్చిన రెండు క్యూఆర్ కోడ్‌లకు పొద్దున నలభై వేలు, సాయంత్రం నలభై వేలు జ్యోతి ఖాతా నుంచి వెళ్లాయి. రెండోసారి పంపిన కాసేపటికే అతని ఫోన్ స్విచాఫ్ అయింది. జ్యోతి ఆ క్షణమే 1930 అనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించింది.

తర్వాత తెలిసిన సంగతులివి. యాప్‌లో కట్టిన పదివేలకు కొనుగోలుదారుల రక్షణ ఉంది. గడువులోపు యాప్‌లోనే ఫిర్యాదు పెట్టాం కాబట్టి తిరిగొచ్చాయి. యాప్ బయట పంపిన ఎనభై వేలతో తమకు సంబంధం లేదన్నారు. బ్యాంకుకు వెళితే, "పిన్ను మీరే కొట్టిన్రు కదమ్మా, దొంగతనంగ తీసినట్టు కాదు" అన్నారు. పొద్దుటి నలభై వేలు ఖాతాలు మారి, అప్పటికే ఎవరో ఏటీఎంలో తీసేసుకున్నారు. సాయంత్రపు నలభై వేలు మాత్రం భూపాలపల్లిలోని ఒక బ్యాంకు ఖాతాలో ఆగిపోయాయి. అవి విడుదల కావాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. మహబూబాబాద్‌లో జరిగే లోక్ అదాలత్‌కు రమ్మని పోలీసులు కబురు చేశారు.

శనివారం జనగామలో ఏడింటి ప్రాంతంలో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయలలోపే. కాజీపేట దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. రెండు గంటలకు పైగా ప్రయాణించి మానుకోటలో దిగాను. మహబూబాబాద్‌ను ఇక్కడ అందరూ మానుకోటే అంటారు. జ్యోతి బయ్యారం నుంచి బస్సులో వచ్చి స్టేషన్ బయట నిలబడి ఉంది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు ఉండవు. కోర్టు దాకా ఆటో మాట్లాడుకున్నాం.

"ఏం కేసక్కా, భూమి పంచాయితా?" అన్నాడు డ్రైవర్.

"కాదన్నా, ఫోన్ల పైసలు పోయినయ్," అంది జ్యోతి.

"మల్ల వస్తయా?"

"ఆగినయి వస్తయంట. గవ్వి తెచ్చుకునుడే మా పని."

"తెచ్చుకోండ్రి. మా బామ్మర్ది అయితే సిగ్గుపడి ఎవ్వలకు చెప్పనే లేదు," అంటూ అతను గేటు ముందు దింపాడు.

లోక్ అదాలత్‌లో ఫీజు లేదు, వకీలును పెట్టుకోవాల్సిన పనీ లేదు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాం. పేరు పిలిచాక ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఫిర్యాదు నంబరు చూశారు. నలభై వేలు జ్యోతి ఖాతాకు తిరిగి జమ చేయమని ఉత్తర్వు ఇచ్చారు. బయటికి వచ్చి భూపాలపల్లి బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేస్తే ఉత్తర్వు ఇంకా తమకు చేరలేదని, కాపీ పట్టుకుని సోమవారం రమ్మని చెప్పాడు.

ఆదివారం తండాలో ఉన్నాను. బయ్యారం దాటాక నేలంతా ఇనుప రాయి వల్ల ముదురు ఎరుపు. జ్యోతి వాళ్లమ్మ జొన్నరొట్టె చేసింది, వాళ్ల లంబాడీ భాషలో బాటి అంటారు. తల్లీకూతుళ్లు వాళ్ల మాటలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏంటని అడిగితే జ్యోతి నవ్వింది. "మా అమ్మ అంటున్నది, గా ఖాతా ఎవ్వలదో వాళ్లు కనవడితే నాలుగు మాటలు అని రమ్మని. నేను గూడ గదే అనుకుంటున్న."

సోమవారం పొద్దున్నే బయల్దేరి మానుకోటలో హనుమకొండ బస్సు, హనుమకొండలో భూపాలపల్లి బస్సు పట్టుకున్నాం. పరకాల దాటాక బొగ్గు లారీల వల్ల బస్సు నెమ్మదించింది. మొత్తం నాలుగున్నర గంటల దారి. బస్టాండు పక్క హోటల్లో ఎనభై రూపాయల భోజనం చేసి బ్యాంకుకు వెళ్లాం.

మేనేజరు కాపీ చూసి, పోలీసుల నుంచి మెయిల్ కూడా పొద్దున్నే వచ్చిందన్నాడు. "మూడు నాలుగు రోజుల్ల మీ ఖాతాల పడతయి. గీ నలభై వేల వరకే. ఖాతాల ఉన్న మిగతా పైసలు వేరే," అంటూ గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డ ఒకామె వైపు చూశాడు. ఆ ఖాతా ఆమెదే. పేరు సమ్మక్క, చిట్యాల దగ్గరి పల్లె. వయసు యాభై దాటి ఉంటుంది. ఖాతా ఎందుకు ఆపారో అడగడానికి ఆమె ఆరోజే వచ్చింది.

ఆమె మా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "మీరేనా బిడ్డా నా మీద కేసు వెట్టింది?"

"నీ మీద వెట్టలే. పైసలు తిన్నోని మీద వెట్టినం," అంది జ్యోతి. గొంతు గట్టిగానే ఉంది. "కని మా పైసలు నీ ఖాతాలకే వచ్చినయ్. తెల్వదంటే ఎట్ల నమ్మాలె?"

"నాకు ఫోన్ల పైసలు చూసుడే రాదు బిడ్డా. మా ఊరి పిలగాడు లోను ఇప్పిస్తనని ఏటీఎం కార్డు తీస్కపోయిండు. సిమ్ము గూడ నా పేరు మీదనే తీసుకున్నడు. రెండు వేలు చేతుల వెట్టిండు. నేను పత్తి ఏరిన కూలి పైసలు గూడ గా ఖాతాలనే ఉన్నయ్. మందులకు తీసుకుందామంటే ఇస్తలేరు."

జ్యోతి అడిగింది: "గా పిలగాని పేరు పోలీసోళ్లకు చెప్పినవా?"

"చెప్తే ఊళ్లె ఉండనిస్తరా? నా మొగడు దవాఖానల ఉన్నప్పుడు వాళ్ల నాయినే పైసలిచ్చి ఆదుకున్నడు."

"చెప్పకుంటే నువ్వే దొంగవైతవ్ అవ్వా. నా పైసలకు కోర్టు కాయితం ఉన్నది. నీ పైసలకు ఏమున్నది?"

సమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకైతే మా పని అయిపోయింది, వెళ్లిపోదాం అనిపించింది. జ్యోతి మాత్రం సంచి భుజాన వేసుకుని, "చిట్యాల బస్సు ఎక్కడ ఆగుతది అవ్వా? పద, ఠాణాకు మేం గూడ వస్తం," అంది.

అలా మా దారి మారింది. చిట్యాల పోలీస్ స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్ కుర్చీ చూపించింది. సమ్మక్క మొదట ఆ పేరు గొణిగినట్టు చెప్పింది. "జర గట్టిగ చెప్పవ్వా," అంది కానిస్టేబుల్. రెండోసారి ఆమె ఇంటిపేరుతో సహా స్పష్టంగా చెప్పింది. వాంగ్మూలం రాసుకోవడానికి గంటకు పైగా పట్టింది. బయటికి వచ్చాక సమ్మక్క మమ్మల్ని చాయ్ హోటల్‌కు తీసుకెళ్లింది. నేను డబ్బు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవి నా పైసలే. తాగుండ్రి."

పరకాల, హనుమకొండ మీదుగా నేను జనగామకు, జ్యోతి బయ్యారానికి చేరాం. గురువారం నలభై వేలు జమయ్యాయి. కొన్ని వారాల తర్వాత ఆ కుర్రాణ్ని పట్టుకున్నారని, ఇంకొందరి కార్డులు కూడా అతని దగ్గర దొరికాయని తెలిసింది. తన కూలి డబ్బు విడుదలైందని సమ్మక్క ఎవరి చేతో జ్యోతికి ఫోన్ చేయించింది. మా పొద్దుటి నలభై వేలు ఇప్పటికీ రాలేదు, వస్తాయన్న ఆశా లేదు. చేతికొచ్చిన యాభై వేలకు ఇంకొంత కలిపి వరంగల్‌లో ఒక షాపులో పాత మిషను కొన్నాం. ఎదురుగా నడిపి చూసి, కుట్టిన నమూనా చేతికి వచ్చాకే డబ్బు కట్టాం. ఇప్పుడది తండాలోనే ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో జ్యోతికి తీరిక దొరకడం లేదు.

కొనుగోలుదారుల రక్షణ అనే మాట మీద మాకు గుడ్డి నమ్మకం ఉండేది. యాప్ గడప దాటి పంపిన రూపాయికి అది వర్తించదని, మన చేత్తో పిన్ను కొడితే బ్యాంకు దాన్ని మన ఇష్టంగానే చూస్తుందని డబ్బు పోయాకే తెలిసింది. అయినా ఈ వ్యవస్థలో మనకు తెరిచి ఉన్న తలుపులు కొన్ని ఉన్నాయి, ధైర్యంగా వెళ్లి తట్టొచ్చు. మోసపోయానని చెప్పుకోవడంలో సిగ్గు పడాల్సిందేమీ లేదు. జ్యోతి చెప్పింది, సమ్మక్క చెప్పింది, ఇద్దరికీ తమ డబ్బు ఎంతో కొంత చేతికొచ్చింది. ఇక మీకు నేను చెప్పే సూచన ఒక్కటే. అనుమానం వచ్చిన నిమిషంలోనే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.