అమ్మవారికి వదిలేసిన బ్రెడ్

దక్షిణాఫ్రికాలోని వెరులం ఊళ్లో నేను తాగుతానని మొదట అన్నది టాక్సీ నడిపే రాడ్నీ. ఇది 1998. సాహిత్యంలో పీజీ చేస్తూ రోజూ డర్బన్ నుంచి అతని టాక్సీలోనే వస్తాను. ఏడాది మొదట్లో దిగగానే కాళ్లు చెరో వైపు పోవడం మొదలైంది. పుస్తకాల సంచీ బరువనుకున్నాను. సంచీ లేకుండా దిగినా అంతే. నలుగురిలో మంచినీళ్లు అడగడానికే సిగ్గుపడే నాకు అంత ధైర్యమైన పేరు వచ్చినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

నరాల డాక్టర్ నేల మీద గీత గీసి దాని మీద నడవమన్నాడు. నడిచి ఆయన బల్ల మీద పడ్డాను. కొందరికి గోధుమ పడక నడక తప్పుతుందట. అదే అయితే గోధుమ మాని జబ్బును ఇక్కడితో ఆపవచ్చు, కాకపోతే మెదడులో ఇంకేదో అరిగిపోతున్నట్టు. రక్తపరీక్షకు మూడు నెలల తర్వాత తేదీ ఇచ్చాడు. అప్పటిదాకా బ్రెడ్ తింటూనే ఉండాలి, మానేస్తే రక్తంలో ఏమీ కనబడదన్నాడు.

నేను అద్దెకున్న గది సరస్ అత్త పెరట్లోది. ఆమె ముత్తాత చెరకు తోటల్లో పనికి వచ్చినవాడు. ఆమెకు మిగిలిన తెలుగు వంటకీ, పూజకీ, తిట్టుకీ సరిపోతుంది. ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా అమ్మవారికి మొక్కి, నయమయ్యేదాకా బాగా ఇష్టమైన తిండి ఒకటి వదిలేస్తారు.

"ఏం లేకపోతే నువ్వు ఉండలేవు, పిల్లా?"

అబద్ధం ఆడాల్సిన చోట నిజం చెప్పడం నా అలవాటు. పావు బ్రెడ్డును తొలిచి బీన్స్ కూర నింపే బన్నీ అంటే పడి చస్తాను. "బ్రెడ్" అన్నాను. ఆమె కర్పూరం వెలిగించేసింది.

వెలిగిన కర్పూరానికి అడ్డు చెప్పడం ఎలాగో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మూడు నెలలూ అన్నం, మొక్కజొన్న జావ. చపాతీ బ్రెడ్డుకు చెల్లెలని అదీ పెట్టలేదు. పరీక్ష రోజు డాక్టర్ బ్రెడ్ తింటున్నావా అని అడిగితే, ఎటూ కాకుండా తల ఊపాను. ఆయన అవునని రాసుకున్నాడు.

రక్తంలో ఏమీ లేదని తేలింది. అయితే మెదడేనంటూ ఆయన పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. టాక్సీలో ఇంటికొచ్చేదాకా ఆ చీటీనే మళ్లీ మళ్లీ చదివాను.

సరస్ అత్తకు అంతా చెప్పేశాను. మొక్కు చెడిందని తిడుతుందనుకున్నాను. తిట్టింది గానీ, అందుకు కాదు.

"అన్ని బుక్కులు చదివి నోరు తెరవలేవా? అమ్మకి నేను చెప్తా. డాక్టర్‌కి నువ్వు చెప్పు. ఇప్పుడే ఫోన్ చెయ్యి, నేను వింటా."

చేశాను. డాక్టర్ ఆరు వారాలు బ్రెడ్ తిని మళ్లీ రమ్మన్నాడు. సరస్ అత్త కొబ్బరికాయ కొట్టి, అమ్మవారితో మెల్లగా ఏదో బేరమాడి, తనే బన్నీ కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. నా బదులు తాను టీ వదిలేసిందని మర్నాడు తెలిసింది. రోజుకు ఆరు కప్పులు తాగే మనిషి.

ఆరు వారాలు కమ్మగా తిన్నాను, గోడలు పట్టుకుని నడిచాను. తాగినవాళ్లకు ముందు సీటే మేలని రాడ్నీ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఈసారి రక్తంలో దొరికింది. గోధుమే. ఇక జన్మలో బ్రెడ్ ముట్టకూడదన్నాడు డాక్టర్. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏదీ వదులుకోలేదు.

నడక కుదురుకోవడానికి నెలలు పడుతుందట. అందాకా సరస్ అత్తకు టీ లేదు. రోజూ సాయంత్రం పెరట్లో బట్టల తీగ కింద సుద్దతో గీత గీసి, ఖాళీ కప్పు ఒళ్లో పెట్టుకుని నన్ను నడిపిస్తుంది. నిన్న తొమ్మిది అడుగులు తిన్నగా వేశాను. ఆమె లేచి కెటిల్ పెట్టింది. పక్కకు పడిన పదో అడుగు చూసి వెళ్లి స్విచ్ తీసేసింది.